అహల్యాబాయి జలధర్మం

మాళవ ప్రాంతంలోని హోల్కర్ రాజ్యాన్ని 1767 నుండి 1795 వరకు పాలించిన మహారాణి అహల్యాబాయి. 1780లో కాశీ విశ్వేశ్వరాలయాన్ని పునర్నిర్మింపజేసిన పుణ్యశీలిగా లోకం ఆమెను స్మరిస్తుంది. బాటసారుల కోసం ఆమె త్రవ్వించిన బావులను గూర్చి చెప్పేవారు తక్కువ.

1725లో మహారాష్ట్రలోని చౌండీ గ్రామంలో ఆమె జన్మించింది. తండ్రి మాంకోజీ శిందే ఆ ఊరి పటేలు. ఇండోర్ పాలకుడైన మల్హర్‌రావు హోల్కర్ కుమారుడు ఖండేరావుతో ఆమెకు వివాహం జరిగింది. 1754లో కుంభేరు కోట ముట్టడిలో ఖండేరావు మరణించాడు. సహగమనానికి సిద్ధపడిన కోడలిని మల్హర్‌రావు వారించి, రాజ్యవ్యవహారాలను అప్పగించాడు. 1766లో ఆయన, మరుసటి ఏడు ఆమె ఏకైక పుత్రుడు మాలేరావు గతించారు.

అప్పుడు దివాను గంగాధర యశ్వంత్ ఒక బాలుణ్ణి దత్తత చేసుకొని, భరణంతో తృప్తిపడవలసిందని ఆమెకు సూచించాడు. అందుకు ఆమె అంగీకరించలేదు. దివాను ప్రేరణతో రఘునాథరావు సేనలతో వచ్చినా చలించక యుద్ధసన్నద్ధురాలైంది. పీష్వా మాధవరావు ఆమె పక్షం వహించడంతో ఆ గండం గడిచింది. సైన్యాన్ని తుకోజీ హోల్కర్‌కు అప్పగించి, నర్మదా తీరంలోని మహేశ్వరం రాజధానిగా తానే పాలన సాగించింది.

భరణానికి ఒప్పుకొని ఉంటే ఆ బావులు వెలసేవి కావు. హోల్కర్ వంశంలో స్త్రీలకు ప్రత్యేకంగా ఖాస్గీ అనే ఆస్తి ఉండేది. 1734లో అది మల్హర్‌రావు భార్య గౌతమాబాయికి సంక్రమించింది. ఆ ధనాగారాన్ని అహల్యాబాయి శాస్త్రోక్తంగా ధర్మకార్యాలకు ధారపోసింది. సైన్యవ్యయం రాజ్యాదాయానిది, బావులూ స్నానఘట్టాలూ సత్రాలూ ఖాస్గీవి. ఈ రెండు ఖాతాలను ఆమె కలవనీయలేదు.

దిగుడుబావుల ప్రయోజనం ఎండాకాలంలోనే తెలుస్తుంది. నీటిమట్టం ఎంత క్రుంగినా మెట్లు దిగి బిందె ముంచుకోవచ్చు. చేద, చేంతాడు అక్కరలేదు. ఇంటికి నీరు మోసే స్త్రీకి అది ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో బాటల మీద మనుషులను నిలిపి ప్రయాణికులకు దాహం తీర్పించేది. అవి మన చలివేంద్రాల వంటివే. 1823లో ప్రచురితమైన తన గ్రంథంలో జాన్ మాల్కం మరొక విశేషం చెప్పాడు. మహేశ్వర పరిసరాల్లో దున్నుతున్న ఎడ్లను రాణి సేవకులు నడిచాలులో ఆపి నీళ్ళు త్రాగించేవారట. తమ కాడెద్దులకు ఆ ఉపచారం జరగడం చూసి రైతులు విస్తుపోయేవారట.

1795 ఆగస్టు 13న అహల్యాబాయి మరణించింది. మహేశ్వరంలో ఆమె కట్టించిన ఘట్టాల మెట్లు నేటికీ నర్మదలోకి దిగుతున్నాయి.