గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొరగారు



బ్రతుకుతెరువు కోసం సొంత ఊరు విడిచి వచ్చిన మన పిల్లలు ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. విశ్వాసం మనసులో ఉంటే చాలదా, అందరి ఎదుట నీళ్లలో మునగడం దేనికి అని. ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. దీనికి జవాబు వెదకడానికి, తెలుగు బాప్టిస్టులమైన మనమందరం పేరు విన్న జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితాన్ని ఒకసారి తిరగవేద్దాం. పావగడ తాలూకాలోని మా వల్లూరుకు ఒంగోలు చాలా దూరమే. కాని మనం ఎక్కడ స్థిరపడినా ఆయన కథ మన కథే.

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పల్లెటూరి కుటుంబంలో పుట్టారు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. లాయరు కావాలన్నది ఆయన ఆశ. అయోవా రాష్ట్రంలో చదువుకునే రోజుల్లో క్రీస్తును నమ్ముకొని బాప్తిస్మం పొందారు. ఆ తరువాత మిషనెరీ సేవకు ఒప్పుకొని, 1864లో భార్య హారియెట్ గారితో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు.

అప్పటికి తెలుగు మిషను పరిస్థితి ఏమంత ఆశాజనకంగా లేదు. శామ్యూల్ డే గారు 1836లోనే వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడినా, ఫలం చాలా స్వల్పం. 1853లో ఈ మిషనును మూసివేద్దామా అని అమెరికాలో చర్చ కూడా జరిగింది. 1854 జనవరి 1న జ్యూయెట్ దొరగారు, మరి నలుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను మనం నేటికీ ప్రార్థన కొండ అంటాం. క్లౌగారు 1866లో ఒంగోలుకు మకాం మార్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే.

అయితే సంఘం పెరగడానికి కారణం దొరగారొక్కరే అనుకుంటే పొరపాటు. తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు ఉండేవాడు. తోలు వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు, యోగమార్గంలో సత్యాన్ని వెదికినవాడు. ఆయన, భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొంది, తమ బంధువుల పల్లెలన్నిటికీ వార్త మోశారు. 1867 జనవరిలో క్లౌగారు ఆ ఊరికి వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే చిక్కు మొదలైంది. అంతవరకు ఒంగోలులో పైకులాలవారు కొందరు దొరగారి బోధ ఆసక్తిగా విన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు చెప్పారు. పెద్ద కులాలు వస్తే మిషనుకు పేరు, పలుకుబడి వస్తాయి. క్లౌగారు చాలా కలత చెందారు. ఆయన ఒక గదిలో, హారియెట్ గారు మరొక గదిలో వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని ఆ కుటుంబం తరువాత చెప్పుకొన్నది. లోకం తక్కువగా చూచినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగం అది. దానితో సందేహం తీరింది. వచ్చిన పేదలను వెళ్లగొట్టలేదు.

బాప్తిస్మం పొందినవారికి పల్లెల్లో మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహారాధనలో పాల్గొనకూడదు. వినడానికి చిన్న నియమాలే. కాని ఆనాటి పల్లెను ఊహించుకోండి. మాదిగలు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బాన కట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి ప్రతిఫలంగా కళ్లంలో ఇంత గింజ. విశ్వాసి డప్పు కొట్టననగానే ఊరి కట్టుబాటు కదిలిపోయింది. కరణాలు, పెద్ద రైతులు పని మానిపించారు, బావుల దగ్గరకు రానివ్వలేదు. అంటే బాప్తిస్మం గుడి నాలుగు గోడల మధ్య విషయం కాలేదు. కూలి, నీళ్లు, తిండి, మర్యాద అన్నీ దానితో ముడిపడ్డాయి.

తరువాత 1876-78 కరువు వచ్చింది. ఆకలితో, కలరాతో జనం రాలిపోయారు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం చేపట్టింది. క్లౌగారు తన పాత సర్వే విద్య అక్కరకు రాగా మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలు. సాయంత్రం అలసి కూర్చున్న కూలీలకు వారే సువార్త చెప్పారు.

బాప్తిస్మం అడిగినవారు అనేకులు. కాని దొరగారు సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటె గొప్పగా కనబడేది ఈ నిరాకరణే. గింజల కోసం ముంచబడ్డవాడు గింజలు అయిపోగానే వెళ్లిపోతాడు, పవిత్రమైన ఆచారం అంగడి సరుకవుతుంది అని ఆయన భయం. సహాయం డబ్బు అయిపోయి, ఇక ఇచ్చేది ఏమీ లేదని స్పష్టంగా చెప్పిన తరువాత కూడా జనం కదలలేదు. అప్పుడే ఒప్పుకొన్నారు.

ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. మూడవ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలోకి దిగారు. క్లౌగారు తన చేతితో ఒక్కరికీ ఇవ్వలేదు. ఇది గమనించదగిన విషయం. ముంచిన చేతులన్నీ మన తెలుగువారివే.

ఇన్ని వేలమందిని ఇంత త్వరగా చేర్చుకొన్నారేమని అప్పుడే విమర్శలు వచ్చాయి. న్యాయంగా చెప్పాలంటే, అన్నం పెట్టిన చేతిమీద కృతజ్ఞత ఆ జనంలో లేదనలేము. క్లౌగారు వారిని కుటుంబాలుగా, కులపెద్దలతో కలిపి చేర్చుకొన్నారు. అందువలన విశ్వాసి ఒంటరి కాలేదు. కాని ఆ పద్ధతిలోనే పాత గోడలు కొన్ని లోపలికి వచ్చాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకటిగా కూర్చొనే మనం పెండ్లి సంబంధాల దగ్గర ఇంకా కులం అడుగుతున్నాము. ఈ లోపం ఆయన మీద నెట్టి మనం తప్పించుకోలేము.

1880 తరువాత కొద్ది సంవత్సరాలకే ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య 20 వేలు దాటింది. పల్లె బడుల్లో అక్షరాలు నేర్చుకున్న పిల్లలు పంతుళ్లు, నర్సులు అయ్యారు. 1893లో హారియెట్ గారు మరణించారు. మరుసటి సంవత్సరం క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. ఆయన జీవితచరిత్ర మనకు దక్కడం ఆమె చలవే. 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టరులో క్లౌగారు ప్రభువునందు నిద్రించారు.

బాప్తిస్మానికి సమాజంలో మూల్యం నేటికీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. కనుక సర్టిఫికెట్టు ఒక వైపు, సాక్ష్యం ఒక వైపు నిలిచి మన ఇండ్లలో పిల్లలు నలిగిపోతున్నారు. వారిని నిందించకండి. కూర్చోబెట్టి ఈ చరిత్ర చెప్పండి.

మనసులో ఉన్న నమ్మకం మనిషిని మార్చవచ్చు. అందరి ఎదుట ఒప్పుకొన్న నమ్మకం ఊరిని కూడా కదిలిస్తుంది. అందుకే ఆనాడు డప్పు ఆగింది, బడి మొదలైంది. తొందరపెట్టకుండా, ఆశ చూపకుండా, పిల్లలు తమంతట తాము నీళ్ల దగ్గరకు వచ్చేవరకు ఓపికపట్టడం క్లౌ దొరగారి నుండి మనం నేర్చుకోవలసిన పాఠం. ప్రభువు మనకు ఆ ఓపికను దయచేయునుగాక.