షుగర్ పిల్లలకు బతకడం నేర్పిన బోస్టన్ డాక్టర్

అమెరికాలో పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ అని తేలితే హాస్పిటల్‌లో చికిత్సతో పాటు పాఠం కూడా మొదలవుతుంది. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేయాలి, తినే అన్నంలో కార్బోహైడ్రేట్లు ఎలా లెక్కపెట్టాలి, షుగర్ ఒక్కసారిగా పడిపోతే ఏం చేయాలి... ఇవన్నీ అమ్మానాన్నలకు నేర్పి ఇంటికి పంపుతారు. ఇది ఎదురైన మన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు. ఈ పద్ధతికి బాట వేసినవారిలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ ఇలియట్ జోస్లిన్.

జోస్లిన్ 1869లో మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. యేల్‌లో చదువుకుని, 1895లో హార్వర్డ్ నుంచి డాక్టర్ పట్టా అందుకున్నారు. 1898లో బోస్టన్‌లో ప్రాక్టీస్ మొదలుపెట్టారు. కన్నతల్లికే షుగర్ రావడంతో ఆ జబ్బు ఆయనకు ఇంటి సమస్య కూడా అయింది. ఆహార నియమాలతో ఆమె పదేళ్లకు పైగా బతికారు.

చూసిన ప్రతి షుగర్ రోగి వివరాలనూ జోస్లిన్ వరుస నంబర్లు వేసి లెడ్జర్‌లో రాసుకునేవారు. అలా పోగైన వెయ్యి కేసుల అనుభవంతో 1916లో డయాబెటిస్ చికిత్సపై పెద్ద గ్రంథం వెలువరించారు. అది డాక్టర్ల కోసం. రెండేళ్లకే, 1918లో, రోగులు కూడా చదువుకునేలా ఒక చిన్న పుస్తకం తెచ్చారు. రోగికి ఇంత వివరంగా చెప్పడం ఆ రోజుల్లో కొత్త విషయం.

కానీ అప్పటికి ఇన్సులిన్ లేదు. షుగర్ వచ్చిన పిల్లలు సాధారణంగా ఏడాది, రెండేళ్లకు మించి బతికేవారు కాదు. తిండి బాగా తగ్గించి కొన్నాళ్లు ప్రాణం నిలపడమే డాక్టర్లకు తెలిసిన దారి. ఆకలితో ఎముకల గూడులా మారిన పిల్లలను చూస్తూ ఉండటం తప్ప తల్లిదండ్రులు చేయగలిగింది లేదు.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో జోస్లిన్ కూడా బోస్టన్‌లో వాడటం మొదలుపెట్టారు. పిల్లలు బతికారు. దాంతో కొత్త బాధ్యత వచ్చిపడింది. రోజూ సూది వేసేది, తిండి చూసేది, మూత్రం పరీక్షించేది ఇంట్లోవాళ్లే. డోసు ఎక్కువైతే స్పృహ తప్పుతుంది, తక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే జోస్లిన్ హాస్పిటల్‌ను బడిగా మార్చారు. రోగులకు తరగతులు పెట్టించారు. పాఠాలు చెప్పేందుకు నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి, అవసరమైన ఇళ్లకు కూడా పంపారు.

1924లో ఆయన బృందంలో చేరిన డాక్టర్ ప్రిసిల్లా వైట్ పిల్లల విభాగాన్ని తన భుజాన వేసుకున్నారు. బాల్యంలో, కౌమారంలో వచ్చే డయాబెటిస్‌పై 1932లో ఆమె పుస్తకం వెలువడింది. అదే ఏడాది షుగర్ ఉన్న ఆడపిల్లల కోసం ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో వేసవి క్యాంప్ మొదలైంది. 1948లో దగ్గర్లోని చార్ల్టన్‌లో మగపిల్లలకూ క్యాంప్ వచ్చింది. అక్కడ ఆడుతూ పాడుతూనే తమ సూది తామే వేసుకోవడం నేర్చుకునేవారు.

షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితేనే కళ్లు, కిడ్నీలు, కాళ్లు నిలుస్తాయని జోస్లిన్ జీవితాంతం నమ్మారు. అంత కట్టడి అనవసరమని వాదించిన డాక్టర్లూ ఉన్నారు. 1962లో, 92 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసే నాటికి ఆ వాదన తేలలేదు. 1,441 మంది టైప్ 1 రోగులపై జరిగిన పెద్ద అధ్యయనం 1993లో ఫలితాలు ప్రకటించాకే ఆయన మాట నిజమని స్పష్టంగా రుజువైంది.

బోస్టన్‌లోని జోస్లిన్ సెంటర్ ఇన్సులిన్‌తో 50, 75 ఏళ్లు గడిపినవారికి నేటికీ మెడల్స్ ఇస్తోంది.

మన పిల్లల్లో విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. టైప్ 1 అని తేలితే డిశ్చార్జికి తొందరపడకండి. సందేహాలన్నీ అడగండి, సూది వేయడం చేసి చూపించండి. అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే వాళ్లనూ ఆ పాఠానికి కూర్చోబెట్టండి.