బార్లో గారి లెక్క

ఉద్యోగ జీవితంలో తమకు దారి చూపిన మహనీయులలో ఒకరిని గురించి ప్రత్యేక సంచికకు రాయమని సంపాదక మిత్రులు కోరారు. కాటన్ దొరగారిని గురించి రాసేవారు మన కోనసీమలో ఎలాగూ ఉంటారు. నేను మాత్రం మా డ్రిల్లింగ్ శాఖవారు రోజూ పేరు పలుకుతూ, మనిషిని గురించి ఏమీ ఎరుగని పీటర్ బార్లో గారి గురించి రాస్తున్నాను.

బార్లో గారు 1776లో ఇంగ్లండులోని నార్విచ్‌లో జన్మించారు. గణితం చాలావరకు సొంతంగా నేర్చుకున్నారు. 1801లో పోటీలో నెగ్గి, వూలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీలో లెక్కల మాస్టారుగా చేరి, 1847 వరకు అక్కడే పనిచేశారు. అంటే 46 ఏళ్ళ సర్వీసు! 1814లో వర్గాలు, ఘనాలు, మూలాల పట్టికలు అచ్చువేశారు. కాల్కులేటర్లు వచ్చేదాకా ఇంజనీర్ల బల్లల మీద ఉన్న పుస్తకం అది. ఓడలోని ఇనుము వల్ల దిక్సూచి తప్పు చూపడాన్ని సరిదిద్దే పద్ధతి కనిపెట్టినందుకు 1825లో రాయల్ సొసైటీవారు కోప్లీ పతకం ఇచ్చారు.

మాకు కావలసిన సూత్రం హైడ్రాలిక్ ప్రెస్సు సిలిండర్ల బలం మీద ఆయన చేసిన పని నుండి వచ్చింది. గొట్టం గోడ మందాన్ని ఉక్కు బలంతో హెచ్చించి, రెట్టింపు చేసి, బయటి వ్యాసంతో భాగిస్తే, ఆ గొట్టం లోపలి నుండి ఎంత ఒత్తిడికి ఆగుతుందో తెలుస్తుంది. అంతే. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు.

మన ఇసుక నేలలో నుయ్యి తవ్వి ఒరలు దించకపోతే గోడ కూలిపోతుంది కదా! వేల అడుగుల గ్యాసు బావికీ అదే సంగతి. ఉక్కు గొట్టాలు ఒకదానికొకటి బిగించి దింపి, వాటి వెనుక సిమెంటు నింపుతారు. దానినే కేసింగ్ అంటాము. దానికి మూడు గండాలు. పై గొట్టం కింది వాటి బరువంతా మోస్తూ సాగాలి. లోపల గ్యాసు ఒత్తిడి పెరిగితే పగలకూడదు. బయట నేలలోని ఒత్తిడికి నొక్కుకుపోకూడదు. బార్లో గారి సూత్రం చెప్పేది రెండో గండం గురించే. నొక్కుడుకు వేరే లెక్క ఉంది. పైగా, కింది బరువు లాగుతున్న గొట్టం నొక్కుడుకు ఇంకా త్వరగా లొంగుతుంది.

ఇక నా పొరపాటు మనవి చేసుకుంటాను. 1980లలో, సర్వీసులో కొత్తగా ఉన్నప్పుడు, ఒక బావికి 9⅝ అంగుళాల ఎన్-80 రకం, అడుగుకు 47 పౌన్ల గొట్టం రాసి, చదరపు అంగుళానికి 7,850 పౌన్లు తట్టుకుంటుందని లెక్క తేల్చాను. మా పై అధికారి కాగితం చూసి, గొట్టం గోడ చుట్టూతా ఒకే మందం ఉంటుందని ఎవరు చెప్పారని అడిగారు. మిల్లులో గోడ పన్నెండున్నర శాతం దాకా పలచబడినా ఒప్పుకుంటారు. ఆ మేరకు తగ్గించి చూస్తే వచ్చేది 6,870 మాత్రమే. భద్రత కోసం కలిపే వంతుతో సహా మాకు కావలసిన బలం సరిగ్గా ఆ రెండు అంకెల మధ్య ఉంది! ఆయన కోప్పడలేదు. 53.5 పౌన్ల మందం గొట్టం రాయించారు. దాని బలం 7,930. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత బార్లో గారి చరిత్ర చదివాను. 1817లో కలప బలం మీద ఆయన రాసిన గ్రంథంలో, వంగిన దూలంలో సాగుడూ నొక్కుడూ లేని పొర ఎక్కడ ఉంటుందన్న దగ్గర పొరబడ్డారు. హాడ్జ్‌కిన్సన్ పరిశోధనల తరువాత 1837 ముద్రణలో దానిని సరిదిద్దుకున్నారు. 1825లో, తీగ పొడవు పెరిగేకొద్దీ విద్యుత్తు తగ్గిపోతుంది గనుక దూరప్రాంతాలకు తంతి సాధ్యం కాదని తేల్చారు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ ప్రయోగాలు ఆ మాటను తప్పని చూపాయి. అంతటివారి లెక్కకే హద్దులు ఉన్నాయని తెలిశాక ఆయన నాకు మరింత దగ్గరయ్యారు.

1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి, ఆ మంట రెండు నెలలకు పైగా మండింది. ఆ రోజుల్లో సెలవుకు ఉప్పలగుప్తం వస్తే, మా అక్కయ్య అన్నం వడ్డిస్తూ, మన కొబ్బరితోటల కింద వేసిన ఇనుము ఆగుతుందా తమ్ముడూ అని అడిగింది. లెక్క ప్రకారం ఆగుతుందన్నాను. ఆవిడ మరేమీ అనలేదు. నాకే ముద్ద దిగలేదు.

ఎందుకంటే నేను చెప్పింది కొత్త గొట్టం సంగతి. డ్రిల్ పైపు రాపిడికి గోడ అరుగుతుంది, ఉప్పునీటికి తుప్పు పడుతుంది. సూత్రంలో మందం దగ్గర ఏనాటి అంకె వేస్తున్నామన్నదే అసలు ప్రశ్న. బావిలోకి పరికరం దించి గోడ మందం మళ్ళీ కొలిచి, ఆ అంకెతో లెక్క కట్టాలి. ఆగుతుందని కాక, ఎప్పటికప్పుడు కొలిస్తే ఆగుతుందో లేదో ముందే తెలుస్తుందని అక్కయ్యకు చెప్పవలసింది. చెప్పేలోగా ఆవిడ దాటిపోయారు.

బార్లో గారు 1862 మార్చి 1న కన్నుమూశారు. అంతకు రెండున్నరేళ్ళ ముందే, 1859 ఆగస్టులో, అమెరికాలోని టైటస్‌విల్‌లో డ్రేక్ బావికి చమురు పడింది. ఇసుక కూలకుండా ఆయన కూడా రాతి దాకా ఇనుప గొట్టమే దింపారు. 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం చమురు, గ్యాసు సముద్రం నుండి మా మండలంలోని సూరసాని యానాం ఒడ్డుకే చేరాయి. అటు వెళ్ళినప్పుడల్లా ఆ వూలిచ్ మాస్టారు గుర్తుకు వస్తారు.

మన సంఘంలో ఇంజనీర్లు కానివారే ఎక్కువ. మీ ఊరి పక్కన బావి ఉంటే, గోడ మందం ఎప్పుడు కొలిచారని అడగండి. అలా అడగడానికి ఇంజనీరింగు చదివి ఉండనక్కరలేదు. బార్లో గారికి నా నమస్సులు.