విలియం విదరింగ్

విలియం విదరింగ్ (మార్చి 17, 1741 - అక్టోబరు 6, 1799) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, ఖనిజ పరిశోధకుడు. డిజిటాలిస్ అనే ఓషధిని శాస్త్రీయ వైద్యంలో ప్రవేశపెట్టిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. డిజిటాలిస్ విషపూరితమైన మొక్క. దీని విషయంలో మేలు చేసే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య ఉన్న తేడా చాలా స్వల్పం. ఆ తేడాను పదేళ్ళపాటు రోగులలో పరిశీలించి, తన పొరపాట్లతో సహా 1785లో గ్రంథస్థం చేయడం విదరింగ్ సాధించిన ఘనత. మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనే విషయాలపై తరువాతి కాలంలో వెలువడిన ఔషధశాస్త్ర రచనలకు ఈ గ్రంథం ఒక తొలి నమూనాగా నిలిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

విదరింగ్ ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతానికి చెందిన వెల్లింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ మందులు తయారుచేసి చికిత్స చేసే వృత్తిలో ఉండేవాడు. విదరింగ్ 1762లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి 1766లో వైద్యపట్టా పొందాడు. విద్యార్థి దశలో ఈయనకు వృక్షశాస్త్రమంటే ఏమాత్రం ఇష్టం ఉండేది కాదు.

పట్టా పొందిన తరువాత స్టాఫర్డ్ పట్టణంలో వైద్యవృత్తి ప్రారంభించాడు. అక్కడ ఈయన వద్ద చికిత్స పొందిన హెలెనా కుక్స్ పూలబొమ్మలు చిత్రించేది. ఆమె కోసం మొక్కలు సేకరించే క్రమంలో విదరింగ్‌కు వృక్షశాస్త్రంపై ఆసక్తి కలిగింది. 1772లో వీరి వివాహం జరిగింది. 1776లో విదరింగ్ బ్రిటన్‌లో సహజంగా పెరిగే మొక్కలను లిన్నేయస్ పద్ధతిలో వర్గీకరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. ఇది అనేక ముద్రణలు పొందింది.

బర్మింగ్‌హాంలో వైద్యవృత్తి

1775లో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుని సూచన మేరకు విదరింగ్ బర్మింగ్‌హాం నగరానికి తరలివెళ్ళాడు. ఈ ఎరాస్మస్, పరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్‌కు తాత. విదరింగ్ పేదలకు ఉచితంగా వైద్యం చేసేవాడు. 1779లో ప్రారంభమైన బర్మింగ్‌హాం జనరల్ ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేశాడు. జేమ్స్ వాట్, జోసెఫ్ ప్రీస్ట్‌లీ వంటివారు సభ్యులుగా ఉన్న లూనార్ సొసైటీలో ఈయన కూడా సభ్యుడు.

డిజిటాలిస్ పరిశోధన

ఆ కాలంలో కాళ్ళు, పొట్ట నీరుపట్టి ఉబ్బే వ్యాధిని డ్రాప్సీ అనేవారు. దీనికి గుండె బలహీనత ఒక కారణమన్న సంగతి అప్పటి వైద్యులకు స్పష్టంగా తెలియదు. 1775లో ష్రాప్‌షైర్‌కు చెందిన ఒక వృద్ధురాలు ఈ వ్యాధికి వాడే కుటుంబ యోగంపై విదరింగ్ అభిప్రాయం అడిగారు. అందులో ఇరవైకి పైగా మూలికలు ఉండేవి. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్, అనగా డిజిటాలిస్ పర్‌ప్యూరియా మొక్క మాత్రమే అని ఈయన గుర్తించాడు. ఆ వృద్ధురాలి పేరు మదర్ హటన్ అని అనేక పుస్తకాలలో కనిపిస్తుంది. కానీ విదరింగ్ ఆమె పేరు ఎక్కడా పేర్కొనలేదు. ఆ పేరు 1928లో ఒక మందుల సంస్థ ప్రకటన ద్వారా ప్రచారంలోకి వచ్చింది.

తొలి రోజులలో విదరింగ్ ఆకుల కషాయాన్ని ఎక్కువ మోతాదులో ఇచ్చాడు. రోగులకు తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగేవి. మొక్కలోని శక్తి ఋతువును బట్టి మారుతుందని, ఎక్కువసేపు మరిగిస్తే తగ్గుతుందని ఈయన గమనించాడు. అందుచేత మొక్క పూతకు వచ్చే సమయంలోనే ఆకులు కోసి, ఎండబెట్టి, పొడిచేసి వాడడం మొదలుపెట్టాడు. పెద్దలకు ఈ పొడిని 1 నుండి 3 గ్రెయిన్లు, అనగా సుమారు 65 నుండి 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు ఇవ్వాలని నిర్ణయించాడు.

1785లో ప్రచురించిన గ్రంథంలో 150కి పైగా రోగుల వివరాలను క్రమంగా పొందుపరచాడు. నయమైనవారితో పాటు నయం కానివారిని, మరణించినవారిని కూడా చేర్చాడు. విజయాలను మాత్రమే ఎంచి చూపితే ఇతర వైద్యులు మోసపోతారని ఈయన భావించాడు. ఈ గ్రంథంలోని ముఖ్యమైన సూత్రాలు:

* మందును తక్కువ మోతాదులో, తగిన విరామంతో ఇవ్వాలి. దీని ప్రభావం ఆలస్యంగా కనిపిస్తుంది కనుక తొందరపడి మళ్ళీ మళ్ళీ ఇవ్వరాదు.
* మూత్రం, జీర్ణకోశం, నాడి, విరేచనం - వీటిలో దేనిపైనైనా ప్రభావం కనిపించగానే మందు ఆపివేయాలి.
* వికారం, తలతిరగడం, వస్తువులు పచ్చగా లేక పసుపుగా కనిపించడం, నాడి నిమిషానికి 35 వరకు పడిపోవడం విషప్రభావానికి గుర్తులు. ఆ తరువాత మూర్ఛ, మరణం సంభవించవచ్చు.

విదరింగ్ డిజిటాలిస్‌ను ప్రధానంగా మూత్రాన్ని పెంచే మందుగానే భావించాడు. అయితే గుండె కదలికపై దీనికి మరే మందుకూ లేనంత ప్రభావం ఉందని కూడా గుర్తించాడు.

వివాదం

1780లో ఎరాస్మస్ డార్విన్, అంతకు రెండేళ్ళ ముందు మరణించిన తన కుమారుని సిద్ధాంతవ్యాసాన్ని ప్రచురిస్తూ, దానికి డిజిటాలిస్ వాడిన రోగుల వివరాలను అనుబంధంగా చేర్చాడు. అందులో విదరింగ్ సలహాపై ఈ మందు పొందిన రోగి వివరాలు ఉన్నప్పటికీ ఆయన పేరు లేదు. విదరింగ్ గ్రంథం వెలువడడానికి కొద్ది నెలల ముందు డార్విన్ ఇదే విషయంపై మరో పత్రం సమర్పించాడు. దీనితో ఇద్దరి స్నేహం చెడిపోయింది.

చివరి రోజులు

విదరింగ్ 1785లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. ఈయన పరిశోధించిన బేరియం కార్బొనేట్ ఖనిజానికి విదరైట్ అని పేరు పెట్టారు. 1791లో బర్మింగ్‌హాంలో ప్రీస్ట్‌లీకి వ్యతిరేకంగా చెలరేగిన అల్లర్లలో విదరింగ్ నివాసంపై కూడా దాడి జరిగింది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా రెండు శీతాకాలాలు లిస్బన్‌లో గడిపాడు. 1799 అక్టోబరు 6న మరణించాడు. ఎడ్జ్‌బాస్టన్ పాత చర్చిలోని స్మారక ఫలకంపై ఫాక్స్‌గ్లోవ్ మొక్కను చెక్కారు.

ప్రభావం

విదరింగ్ తరువాత అనేకమంది వైద్యులు ఈయన హెచ్చరికలు పట్టించుకోకుండా డిజిటాలిస్‌ను క్షయతో సహా అనేక రోగాలకు, అధిక మోతాదులలో వాడారు. దానివలన మందుకు చెడ్డపేరు వచ్చింది. 1930లో సిడ్నీ స్మిత్, డిజిటాలిస్ లనాటా అనే మరో జాతి ఆకుల నుండి డిగాక్సిన్‌ను వేరుచేశాడు. దీనితో మోతాదును కచ్చితంగా తూచడం సాధ్యమైంది. గుండె కండర కణాలలో సోడియం, పొటాషియంలను మార్పిడి చేసే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. తత్ఫలితంగా కణంలో కాల్షియం పెరిగి, గుండె బలంగా ముడుచుకుంటుంది.

డిగాక్సిన్ వాడకం గతంతో పోలిస్తే తగ్గినప్పటికీ, గుండె వైఫల్యంలోను, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషంలోను కొందరు రోగులకు ఇస్తారు. ఇది ప్రధానంగా మూత్రపిండాల ద్వారా విసర్జింపబడుతుంది. అందుచేత మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, వృద్ధులకు మోతాదు తగ్గించాలి. రక్తంలో పొటాషియం తగ్గితే విషప్రభావం పెరుగుతుంది. డిగాక్సిన్ ఇచ్చే ముందు నర్సులు నిమిషంపాటు గుండె స్పందనలు లెక్కిస్తారు. పెద్దలలో అవి 60 కంటే తక్కువ ఉంటే సాధారణంగా మందు ఆపి వైద్యునికి తెలియజేస్తారు. నాడి మందగిస్తే మందు ఆపాలని విదరింగ్ 1785లో సూచించిన నియమం ఈ రూపంలో ఆసుపత్రులలో నిలిచి ఉంది.