చిగుళ్ల జబ్బుకు మూలం చూపిన రిగ్స్

చేవెళ్ల, మొయినాబాద్: పళ్లు తోముకునేటప్పుడు నెత్తురు కనిపిస్తే ఒంట్లో వేడి చేసిందని సరిపెట్టుకునేవారు పల్లెల్లో చాలామంది. పన్ను కదిలితే వయసు మీద పడిందనుకుంటారు. నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలో వైద్యులు సైతం చాలావరకు ఇలాంటి అభిప్రాయంతోనే ఉండేవారు. దానిని మార్చడానికి పాటుపడిన దంత వైద్యుడు జాన్ రిగ్స్.

రిగ్స్ 1811 అక్టోబరు 25న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో జన్మించారు. హార్ట్‌ఫర్డ్ పట్టణంలో చదువుకొని, అక్కడే హొరేస్ వెల్స్ అనే దంత వైద్యుని వద్ద పని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో మత్తు లేకుండానే పన్ను పీకేవారు. 1844 డిసెంబరు 10న ఊళ్లో జరిగిన ఒక ప్రదర్శనలో, నవ్వు పుట్టించే వాయువు పీల్చిన మనిషికి కాలికి గాయమైనా నొప్పి తెలియకపోవడం వెల్స్ గమనించారు. మరునాడే తాను ఆ వాయువు పీల్చి కుర్చీలో కూర్చున్నారు. మనిషి మళ్లీ లేస్తాడో లేదో తెలియని ఆ సమయంలో పన్ను పీకిన చేయి రిగ్స్‌ది. వెల్స్‌కు నొప్పి తెలియలేదు. అయితే 1845లో బోస్టన్‌లో ఆయన చేసిన ప్రదర్శన విఫలమై నవ్వులపాలయ్యారు. 1848లో మరణించారు.

రిగ్స్‌కు పేరు తెచ్చినది మరో పని. చిగుళ్ల నుంచి చీము కారి, పళ్లు వదులై రాలిపోయే జబ్బుకు ఒంట్లోని దోషమే కారణమని అప్పట్లో చాలామంది నమ్మేవారు. కొందరు చిగురునే కోసి తీసేసేవారు. మూలం పన్ను మీదనే ఉందని రిగ్స్ వాదించారు. చిగురు కింద, పన్ను వేరు మీద పేరుకున్న గారను ప్రత్యేక పనిముట్లతో గీకి, నున్నగా చేస్తే చిగురు మళ్లీ గట్టిపడుతుందని చూపారు. 1876లో ఈ విషయంపై వ్యాసం ప్రచురించారు. ఆ జబ్బును చాలాకాలం రిగ్స్ వ్యాధి అనే పిలిచారు. మనం పయోరియా అంటున్నది దానినే. 1885 నవంబరు 11న ఆయన కన్నుమూశారు.

పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో టైటానియం మర బిగించి పన్ను అమర్చే ఇంప్లాంటు విధానం 1965లో స్వీడన్‌లో మొదలైంది. లోహపు పన్ను పుచ్చిపోదు గాని, దాని చుట్టూ ఉన్న చిగురుకు జబ్బు రావచ్చు. అసలు పన్నును ఎముకతో కలిపే నారపొర ఇంప్లాంటుకు ఉండదు. అందువల్ల చీము త్వరగా ఎముకను తాకుతుంది. చిగురు వాపు దశలోనే శుభ్రం చేయిస్తే నయమవుతుంది. ఎముక కరిగితే చిగురు తెరిచి కడగవలసి రావచ్చు. అప్పటికీ తగ్గకపోతే వేల రూపాయలు పోసి పెట్టించుకున్న పన్ను ఊడదీయవలసిందే. మర మీద గీతలు పడకుండా ప్లాస్టిక్, టైటానియం పనిముట్లు వాడతారు. పనిముట్లు మారినా పద్ధతి రిగ్స్ చూపినదే.

బీడీ, చుట్ట తాగేవారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. నెత్తురు గాని, చీము గాని కనిపిస్తే పన్ను కదిలే దాకా ఆగరాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన పల్లెల్లో ఇంకా ఉంది. వదులు చేసేది గారే తప్ప దానిని తీసే వైద్యుడు కాదని రిగ్స్ ఏనాడో తేల్చి చెప్పారు.