ఏడుకు పీట వేసిన హైగెన్స్

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

ఫిజిక్సు చదివే మనకెవరికీ హైగెన్స్ పేరు కొత్త కాదు. తరంగ సిద్ధాంతం అనగానే ఆయన పేరు రాసి మార్కులు తెచ్చుకుంటాం. అయితే ఆ మహనీయుడు సంగీతం జోలికి కూడా వెళ్ళాడనీ, పండితులు గుమ్మం బయట నిలబెట్టిన ఒక అంకెను లోపలికి పిలిచి పీట వేశాడనీ మనలో చాలామందికి తెలియదు.

క్రిస్టియాన్ హైగెన్స్ 1629 ఏప్రిల్ 14న హాలెండులోని హేగ్ నగరంలో జన్మించాడు. తండ్రి రాజోద్యోగి, కవి, పాటలు కట్టినవాడు. కొడుకును తనలాగే రాజకార్యాల్లో పెట్టాలని లైడెన్‌లో లా చదివించాడు. కొడుకు మనసేమో లెక్కల మీద నిలిచింది. రైతు అయినా రాజోద్యోగి అయినా తండ్రి అనుకునేది ఒకటి, కొడుకు అయ్యేది ఒకటి! 1655లో శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్‌ను కనిపెట్టాడు. 1656లో లోలకపు గడియారం తయారుచేశాడు. 1666 నుంచి పారిస్ సైన్సు అకాడమీలో పనిచేసి, ఆరోగ్యం చెడి 1681లో ఇల్లు చేరాడు.

ఇక సంగీతం సంగతి. తీగను సగం చేసి మీటితే పై షడ్జమం, అంటే 2:1. మూడింట రెండు వంతులు మీటితే పంచమం, 3:2. అంతర గాంధారం 5:4. ఇటలీ పండితుడు జార్లినో 16వ శతాబ్దంలో ఈ పొత్తు కుదిరే అంకెలకు 6 దగ్గర గిరి గీశాడు. తర్వాతివాళ్ళు చాలామంది ఆ గిరి దాటలేదు. హైగెన్స్ మాత్రం 7:5 కూడా శ్రద్ధగా వినేవారికి ఇంపైనదేనని తేల్చాడు. అది హార్మోనియం మీది ప్రతిమధ్యమం కంటే అర్ధస్వరంలో సుమారు ఆరో వంతు కిందుగా పలుకుతుంది.

మరి పన్నెండు మెట్లలో దానికి చోటేది? స్థాయిని 31 సమభాగాలు చేయడం ఆయనకు ముందే తెలిసినదే. దాన్ని లాగరిథంలతో నిక్కచ్చిగా లెక్కకట్టి 1691లో ప్రకటించినవాడు హైగెన్స్. అందులో 10వ మెట్టు 5:4కూ, 15వ మెట్టు 7:5కూ దాదాపు సరిపోతాయి. మన చెవి పట్టలేనంత తేడా.

ల్యాబులో సోనోమీటరు తీగలు రెండూ ఒకే శ్రుతిలో పెట్టి, ఒకదాన్ని 70 సెంటీమీటర్లు, రెండోదాన్ని 50 సెంటీమీటర్లు చేసి నేనూ మీటి చూశాను. మా ఊరి భజన హార్మోనియానికి అలవాటుపడ్డ చెవి కదా, మొదట ఇదేం గోల అనిపించింది. నాలుగైదుసార్లు విన్నాక రెండూ నెమ్మదిగా ఒద్దికైనాయి. అప్పుడు నాకు సిగ్గేసింది. వినకుండానే తప్పన్నాను గదా!

హైగెన్స్ 1695 జూలై 8న కన్నుమూశాడు. ఆయన తరంగ సిద్ధాంతం న్యూటన్ పేరు కింద నూరేళ్ళకు పైగా అణగి ఉంది. ఆయన 31 మెట్లు అంతకంటే ఎక్కువ కాలం ఆగాయి. 1950లో ఆ దేశపు భౌతికశాస్త్రవేత్త ఫోకర్ పూనికతో స్థాయికి 31 మెట్ల ఆర్గాన్ హార్లెం నగరంలో వెలిసింది. మధ్యలో గడిచినవి 259 ఏళ్ళు!

తాత నాటిన చింతచెట్టు కాయలు మనవలు కోసుకుంటారని మా పల్లెల్లో అందరికీ తెలుసు. అయినా నాటడం మానరు. పుస్తకంలో గీసిన గిరి కనబడ్డప్పుడు, దాన్ని బట్టీ పట్టే ముందు ఒక్కసారి మన చెవితో వినిచూద్దాం మిత్రులారా!