చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 నవంబరు 10 - 1884 డిసెంబరు 12) తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించి, పరిష్కరించి, అచ్చు రూపంలోకి తెచ్చిన ఆంగ్లేయ అధికారి, నిఘంటుకర్త. సి.పి.బ్రౌన్‌గా, బ్రౌను దొరగా ప్రసిద్ధుడు. ఆయన సాహిత్య కృషికి కడప పట్టణం ప్రధాన కేంద్రం.

బాల్యం, విద్య

బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్ట్ విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించాడు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే హెయిలీబరీ కళాశాలలో చదివి, బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చాడు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకున్నాడు.

ఉద్యోగ జీవితం

కడప, వేంపల్లె, పులివెందుల ప్రాంతాలు చేరిన దత్తమండలాలు 1800లో నిజాము నుండి కంపెనీ చేతికి వచ్చాయి. 1820లో బ్రౌన్ కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకుడిగా చేరాడు. ప్రజలతో వ్యవహరించేటప్పుడు వాడుక తెలుగు ఎంత అవసరమో ఇక్కడే గ్రహించాడు. కడపలోను, తరువాత మచిలీపట్నంలోను ఉచిత పాఠశాలలు నెలకొల్పాడు. మచిలీపట్నం, రాజమండ్రి, తిరుచిరాపల్లి వంటి చోట్ల పనిచేసాడు. 1833 నాటి గుంటూరు కరవు కాలంలో ఆ ప్రాంతంలోనే ఉన్నాడు.

1834లో ఉద్యోగానికి దూరమై ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ ఖాళీగా కూర్చోక, కంపెనీ గ్రంథాలయంలో పడివున్న దక్షిణ భారత వ్రాతప్రతులను పరిశీలించాడు. అవి మద్రాసుకు తిరిగి రావడానికి ఆయన ప్రయత్నమే కారణం. మద్రాసు వచ్చిన తరువాత ప్రభుత్వానికి పర్షియన్ అనువాదకుడిగాను, ఆపై పోస్టుమాస్టరు జనరల్‌గాను పనిచేసాడు.

వేమన పద్యాలు

ఫ్రెంచి మతగురువు దుబాయి హిందువుల ఆచారాలపై వ్రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి, బ్రౌన్ 1824లో వేమన పద్యాల వ్రాతప్రతుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ కాలపు పండితులలో చాలామందికి వేమనపై గౌరవం లేదు. పద్యాలు సామాన్యుల నోళ్ళలోను, పొంతన లేని ప్రతులలోను మిగిలివున్నాయి. పలు ప్రతులను సరిపోల్చి, 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో అచ్చు వేయించాడు. 1839 నాటి కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

కడప బంగళా

కడపలో బ్రౌన్ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను జీతాలిచ్చి నియమించాడు. ప్రజలు దీనిని బ్రౌన్ కళాశాల అని పిలిచేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దీని వ్యవహారాలు చూసేవాడు. బ్రౌన్ వేరే ఊళ్ళలో ఉన్నప్పుడు కూడా ఇక్కడ పని సాగింది. ఖర్చులో ఎక్కువ భాగం ఆయన సొంత జీతం నుండి వచ్చినదే. చాలనప్పుడు అప్పులు చేసాడు.

పని క్రమం ఇలా ఉండేది. ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, వాటిని కాగితంపై వ్రాయించేవారు. పాఠభేదాలు గుర్తించి, పండితులతో చర్చించి, సరియైన పాఠాన్ని నిర్ణయించి శుద్ధప్రతి తయారు చేసేవారు. కొన్ని కావ్యాలకు వ్యాఖ్యలు కూడా వ్రాయించారు. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య పండితుడు చేసిన కృషి ఇందులో ముఖ్యమైనది. మనుచరిత్ర 1851లో అచ్చయింది.

ముద్రణలో ఇబ్బందులు

తెలుగు ముద్రణ అప్పటికి కొత్తది కాదు. జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ 1746లోనే తెలుగు పుస్తకాలు అచ్చువేసాడు. కేరీ వ్యాకరణం 1814లో శ్రీరాంపూరులోను, కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో మద్రాసులోను వెలువడ్డాయి. అయితే కావ్యాలు ఇంకా ఆకుల మీదనే ఉన్నాయి. తాటాకుపై పద్యాలు, వచనం విడదీయకుండా ఏకధాటిగా వ్రాసేవారు. ఎండకు పెళుసెక్కి, పురుగు తొలచి ఆకులు చెడిపోయేవి. తిరిగి వ్రాసిన ప్రతిసారీ కొత్త తప్పులు చేరేవి.

అచ్చు పని కూడా సులభం కాదు. తెలుగుకు అక్షరాలతో పాటు గుణింతాలు, వత్తులు కావాలి. అందువల్ల ఆంగ్లం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సీసపు అచ్చులు పోతపోయవలసి వచ్చేది. కంపోజిటరు ఒక్కొక్క అచ్చును చేతితో పేర్చాక ప్రూఫులు దిద్దాలి. ముద్రణ పూర్తి కాగానే ఫారం విప్పి, అచ్చులను మళ్ళీ గళ్ళలో వేసేవారు. కనుక రెండవ కూర్పుకు మొదటి నుండి పేర్చవలసిందే. శుద్ధప్రతిలో తప్పు ఉంటే అది వందలాది పుస్తకాలలోకి ఎక్కుతుంది. బ్రౌన్ అచ్చుకు ముందు పాఠనిర్ణయానికి అంత శ్రమ పడడానికి ఇదొక కారణం.

నిఘంటువులు

ఆయన తెలుగు వ్యాకరణం 1840లో వెలువడింది. తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు మద్రాసులోని వెపేరీలో ముద్రితమై 1852లో వచ్చాయి. కావ్యభాషతో పాటు జనవ్యవహారంలోని మాటలకు కూడా వీటిలో చోటు దక్కింది. కచేరీలలో వాడే అరబ్బీ, పారశీక, హిందుస్తానీ పదాలతో మిశ్రభాషా నిఘంటువు 1854లో వెలువడింది.

చివరి రోజులు

1855లో బ్రౌన్ ఇంగ్లండు తిరిగి వెళ్ళాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1866లో తన సాహిత్య జీవితచరిత్రను ప్రచురించాడు. అవివాహితుడిగానే జీవించి లండనులో మరణించాడు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

కృషి ఫలితం

తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం తదితరులు సవరించగా 1903లో కొత్త కూర్పు వచ్చింది. పాత పుటలను ఫొటో తీసి ప్లేటుకెక్కించే పద్ధతి వచ్చాక, మళ్ళీ అక్షరాలు పేర్చనవసరం లేకుండానే దాని పునర్ముద్రణలు వెలువడ్డాయి. ప్రస్తుతం ఇది అంతర్జాలంలో కూడా లభిస్తున్నది. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

ఈ కృషి బ్రౌన్ ఒక్కడిది కాదు. ఆకులు చదివి, ప్రతులు వ్రాసి, అర్థాలు చెప్పిన పండితులలో చాలామంది పేర్లు పుస్తకాల ముఖపత్రాలపై కనిపించవు. 1970వ దశకంలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రెడ్డి, బంగోరె చేసిన పరిశోధనల వలన బ్రౌన్ లేఖలు, వ్రాతలు వెలుగు చూసాయి. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలోనే ఆయన పేరిట గ్రంథాలయం ఏర్పడింది. అదే ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది.